బొమ్మల తోట చెప్పే అర్థాలు



చిలక జోస్యం మనందరికీ తెలిసిందే. చిలక పంజరంలోంచి వచ్చి ముక్కుతో ఒక చీటీ తీస్తుంది. అందులోని బొమ్మని బట్టి జోస్యుడు మన రాత చెబుతాడు. మంచి బొమ్మ వస్తే సరే, లేకపోతే ఆ రోజంతా మనసు మనసులో ఉండదు. ఐరోపాలో ఈ పనికి టారో అనే ముక్కలు వాడతారు. మొత్తం 78 ముక్కల్లో ముఖ్యమైనవి 22. ఆ 22 బొమ్మలతో ఇటలీలో ఏకంగా ఒక తోటే కట్టిన స్త్రీ గురించి ఈ రోజు చెప్పుకుందాం.

ఆమె పేరు నికీ ద సాఁ ఫాల్. 1930లో ఫ్రాన్సులో పుట్టింది. 1953లో మనసు చెదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు బొమ్మలు వేయడం మొదలుపెట్టి, దాన్నే తనకు మందు చేసుకుంది. 1955లో బార్సిలోనాలో గౌదీ కట్టిన గూయెల్ పార్కు చూసి, తనూ ఒక తోట కట్టాలనుకుంది. 1979లో టస్కనీలోని కపాల్బియో అనే ఊరి దగ్గర పని మొదలైంది. ప్రజలకు తలుపులు తెరిచింది 1998లో! కీళ్ళవాతం బాధ పెడుతున్నా పని మానలేదు. ఖర్చుల కోసం 1982లో తన పేరున సెంటు కూడా తయారు చేయించి అమ్మింది.

ముందు ఇనుప చువ్వలతో ఆకారం కట్టి, పైన కాంక్రీటు వేసేవారు. ఇనుప పనిలో ఆమె భర్త జాఁ టింగ్లీ తోడ్పడ్డాడు. దాని మీద అద్దం ముక్కలు, రంగు గాజు, కాల్చిన పింగాణీ అతికించారు. కొన్ని బొమ్మలు 15 మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. మన చండీగఢ్‌లో నేక్ చంద్ గారు పగిలిన గాజులతో, పెంకులతో చేసిన రాక్ గార్డెన్ చూసినవారికి ఈ అందం వెంటనే అర్థమవుతుంది.

ఇక అర్థాల సంగతి. మహారాణి బొమ్మ తల్లికి గుర్తు. సింహిక రూపంలో ఇల్లంత ఉంటుంది. ఇల్లంత ఏమిటి, ఇల్లే! నికీ కొన్నేళ్ళు అందులోనే కాపురముంది. వక్షస్థలంలో ఒక వైపు పడకగది, ఇంకోవైపు వంటిల్లు. పనివాళ్ళకు కాఫీలిచ్చేదీ అక్కడే. అయితే కొన్నాళ్ళకు ఆ తల్లి కడుపులో ఉండడం ఆమెకే ఊపిరాడనట్టు అనిపించి బయటికి వచ్చేసింది. కాపాడే ఒడే ఒక్కోసారి కట్టేస్తుంది కూడా. ఈ మాట తల్లులమైన మనం కాస్త ఆలోచించవలసిందే కదూ?

బలం అనే ముక్కకు మన ఊహలో ఏ వస్తాదో వస్తాడు. ఇక్కడ చిన్న అమ్మాయి, ఎదురుగా పెద్ద పచ్చని డ్రాగన్! కంటికి కనపడని తాడుతో దాన్ని అదుపులో పెట్టింది. ఆ డ్రాగన్ బయటిది కాదు, మన లోపలి భయమే అని నికీ చెప్పింది.

న్యాయదేవత నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఆమె పొట్టలో తాళం వేసిన తలుపు వెనక టింగ్లీ చేసిన ఇనుప యంత్రం ఒకటి. దాని పేరు అన్యాయం. న్యాయం పేరు చెప్పుకునే చోటే అన్యాయం దాక్కుని ఉంటుందని నాకు తోచింది. పెద్దలు తీర్పు చెప్పేశారు, ఇంక నోరెత్తకు అన్నప్పుడల్లా ఆ తాళం గుర్తుకొస్తుంది.

గోపురం బొమ్మ పైభాగం విరిగి ఉంటుంది. పిడుగు పడిందన్నమాట. పొగరుగా కట్టుకున్న గోడలు ఎప్పుడో కూలక తప్పదని దాని భావం. మృత్యువు కొడవలి పట్టుకుని గుర్రం మీద వస్తుంది. భయపడకండి. టారోలో ఈ ముక్క ఒకటి ముగిసి మరొకటి మొదలవడానికి గుర్తు. కోత అయితేనే గదా మళ్ళీ నాట్లు!

పగిలిన అద్దంలో ముఖం చూసుకోకూడదని మన పెద్దలు అంటారు. మహారాణి బొమ్మ లోపల గోడలన్నీ పగిలిన అద్దాలే. లోపలికి వెళ్ళినవారికి తమ ముఖం వంద ముక్కలుగా కనిపిస్తుంది. ఒకటి తల్లి, ఒకటి కూతురు, ఒకటి భార్య. వీటిల్లో నేనెవరు అని అడగబుద్ధవుతుంది.

ఈ ముక్కలు భవిష్యత్తు చెబుతాయా అంటే, నేను నమ్మను. కానీ రాణి, బలం, న్యాయం, గోపురం, మృత్యువు—ఇవి అందరి బతుకుల్లోనూ ఏదో ఒకనాడు వచ్చేవే. తోటలో వెంట వచ్చి అర్థం చెప్పే గైడు ఉండకూడదని నికీ కోరింది. ఎవరి దారి వారే వెతుక్కోవాలని ఆమె ఉద్దేశం. ఆమె 2002లో కన్నుమూసింది. పిల్లలు ఏదైనా బొమ్మ చూపించి, అమ్మా, దీని అర్థమేమిటి అని అడిగితే, మనమూ వెంటనే చెప్పేయకుండా, నీకేమనిపిస్తోంది అని ముందు వాళ్ళనే అడిగి చూద్దాం. సెలవు.