బిడ్డకు పింఛను వస్తే తండ్రి బాధ్యత తీరినట్టేనా?

తలాఖ్ అయిన ఇళ్లలోనూ, భార్యాభర్తలు వేర్వేరుగా బతుకుతున్న ఇళ్లలోనూ ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "పిల్లవాడికి సర్కారు పింఛను వస్తోంది గదా! ఇంకా నేను ఖర్చా ఎందుకివ్వాలి?" అని తండ్రి అంటాడు. తల్లి భయం మరో రకంగా ఉంటుంది. "కోర్టుకెళ్లి ఖర్చా రాయించుకుంటే ఉన్న పింఛను కాస్తా పోతుందేమో" అని ఆమె వెనకాడుతుంది. ఇంకో ఇంట్లో తండ్రే ప్రమాదంలో కాళ్లు పోగొట్టుకుని మంచాన పడి ఉంటాడు. అతనికొచ్చే పింఛనులో బిడ్డ వాటా ఎంత అని ఇరుపక్షాల పెద్దలు వాదులాడుకుంటారు. ఈ వాదనల మధ్య నలిగిపోయేది నడవలేని, మాట్లాడలేని ఆ పసివాడే. కాబట్టి ఈ మూడు ప్రశ్నలకూ షరీఅత్‌లో, దేశ చట్టంలో ఉన్న జవాబులను మన కుటుంబాలు తెలుసుకోవడం అవసరం.

నఫఖా ఎవరిపై ఉంది?

బిడ్డల తిండి, బట్ట, వసతి, వైద్యం తండ్రి బాధ్యత. పాలిచ్చే తల్లి పోషణ తండ్రిపై ఉందనీ, బిడ్డ కారణంగా తల్లిని గానీ తండ్రిని గానీ కష్టపెట్టరాదనీ సూరె బఖర 233వ ఆయతు బోధిస్తోంది. కలిగినవాడు తన కలిమిని బట్టి, లేనివాడు తనకున్నదాన్ని బట్టి ఖర్చు చేయాలని సూరె తలాఖ్ 7వ ఆయతు చెబుతోంది. భర్త చాలినంత ఇవ్వడం లేదని హజ్రత్ హింద్ (రజి) మొరపెట్టుకున్నప్పుడు, తనకూ పిల్లలకూ సరిపడేంత ధర్మసమ్మతంగా అతని సొమ్ము నుంచి తీసుకోవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

మామూలుగా కొడుకు సంపాదించుకోగలిగే వరకు, కూతురు పెళ్లయ్యే వరకు తండ్రి పోషించాలి. కొడుకు పెద్దవాడైనా అంధుడో, పక్షవాత రోగియో అయి సంపాదించలేని స్థితిలో ఉంటే అతని నఫఖా తెగిపోదు. ఇలాంటి కొడుకు విషయంలో తండ్రి రెండు వంతులు, తల్లి ఒక వంతు భరించాలనే రివాయతును హిదాయా ప్రస్తావించింది. అయితే జాహిరె రివాయత్ ప్రకారం మొత్తం భారం తండ్రిదేనని కూడా అక్కడే ఉంది.

ఒక మసలాను మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. పిల్లవాడికి సొంత ఆస్తి ఉంటే అతని ఖర్చు అందులోంచే పెట్టవచ్చునని హనఫీ ఫిఖ్హ్ అంటుంది. దీన్ని పట్టుకుని "పింఛను కూడా బిడ్డ సొమ్మే గదా" అని వాదించేవారున్నారు. పింఛను బిడ్డ సొమ్మే, సందేహం లేదు. కానీ దానితో అతని అవసరాలన్నీ తీరుతున్నప్పుడే ఆ వాదన నిలుస్తుంది. తీరనప్పుడు మిగిలినదంతా తండ్రి మీదే ఉంటుంది.

పింఛను సొమ్ము ఎంత?

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛనును 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు చేశారు. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000గా నిర్ణయించారు. తెలంగాణలో 2023లో ఈ పింఛనును 3,016 నుంచి 4,016 రూపాయలకు పెంచారు.

ఇది పేద ఇంటికి పెద్ద ఆసరా. కానీ మాజూర్ బిడ్డ ఖర్చు ఎక్కడెక్కడ ఉంటుందో తల్లినడిగితే తెలుస్తుంది. ఫిజియోథెరపీకి తీసుకుపోవాలంటే ఆటో కావాలి. మూర్ఛ మందులు ఒక్కరోజు కూడా ఆపరాదు. బిడ్డ ఎదిగేకొద్దీ క్యాలిపర్లు, బూట్లు మార్చాలి. అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి గనుక తల్లి కూలికి పోలేదు, ఉద్యోగం చేయలేదు. మామూలు పిల్లలకు లేని ఈ అదనపు బరువును కొంత దించడానికే ప్రభుత్వం పింఛను ఇస్తోంది. తండ్రి బరువును దించడానికి కాదు.

పైగా పింఛను శాశ్వతమని అనుకోవడానికి లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల ధ్రువపత్రాలను మళ్లీ పరీక్షించినప్పుడు, వైకల్యం 40 శాతం కన్నా తక్కువగా తేలిందంటూ చాలామందికి నోటీసులు వెళ్లాయి. పింఛనును చూసి తండ్రి చేతులు దులుపుకుంటే, అలాంటి రోజున ఆ బిడ్డ గతి ఏమిటి?

చట్టం ఏమంటోంది?

పోషించగల స్థోమత ఉండి కూడా బిడ్డను నిర్లక్ష్యం చేసిన తండ్రి నుంచి నెలనెలా ఖర్చా ఇప్పించే అధికారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కోర్టుకిచ్చింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అమలవుతోంది. శారీరక, మానసిక వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు 18 ఏళ్లు నిండినా ఈ హక్కు ఉంటుంది. ఇందులో పెళ్లయిన కూతురు మాత్రం రాదు. ఫిఖ్హ్‌లోని మసలాకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

1986 నాటి చట్టం ప్రకారం పిల్లల ఖర్చా రెండేళ్ల వరకేనని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది పొరపాటు. ఆ రెండేళ్ల గడువు తల్లికి సంబంధించిన హక్కు విషయంలోనిదనీ, ముస్లిం పిల్లలు 125వ సెక్షన్ కింద తండ్రి నుంచి ఖర్చా కోరే హక్కును అది తగ్గించదనీ సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో తేల్చింది. తలాఖ్ పొందిన స్త్రీ కూడా 125వ సెక్షన్ కింద కోర్టుకు రావచ్చునని 2024 జూలై 10న మరో తీర్పు వచ్చింది. ఆ కేసు మన తెలంగాణ నుంచే వెళ్లింది.

2020 నవంబరులో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మూడు సంగతులు మనకు ముఖ్యం. భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలను అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. ఖర్చాను దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలి. నిరంతర సంరక్షణ అవసరమైన వికలాంగ బిడ్డ ఉంటే, ఆ ఖర్చును ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకోవాలి. పింఛను వస్తున్న బిడ్డకు ఖర్చా లేదని చట్టంలో ఎక్కడా లేదు. వచ్చే పింఛనెంత, అవసరమెంత, తండ్రి స్థోమత ఎంత అన్నది కోర్టు తూచి చూస్తుంది. కాబట్టి తల్లి పింఛను సంగతి దాచకూడదు. దానితోపాటు మందుల చీటీలు, ఆసుపత్రి రసీదులు, వైకల్య ధ్రువపత్రం కూడా కోర్టు ముందుంచాలి.

తల్లి భయం సంగతి

ఖర్చా వస్తే పింఛను పోతుందా? పింఛను పేదలకు ఉద్దేశించింది. ఆదాయానికి పరిమితి ఉంటుంది. అయితే ఖర్చా చేతికొచ్చినంత మాత్రాన పింఛను దానంతటదే రద్దయిపోదు. మొత్తం ఇంటి ఆదాయం ఆ పరిమితి దాటుతుందా లేదా అన్నదే ప్రశ్న. కొద్దిపాటి ఖర్చాకు భయపడి బిడ్డ హక్కును వదులుకోవడం తెలివైన పని కాదు. ఖర్చాను దాచి అబద్ధపు లెక్క చెప్పడమూ తగదు.

అసలు చిక్కు చాలాచోట్ల రేషన్ కార్డు దగ్గర వస్తుంది. విడిపోయి ఏళ్లు గడిచినా తల్లీబిడ్డల పేర్లు తండ్రి కార్డులోనే ఉండిపోతాయి. అతను ప్రభుత్వోద్యోగి అయినా, ఆదాయపు పన్ను కడుతున్నా ఆ లెక్క బిడ్డ మీద పడి పింఛను ఆగిపోవచ్చు. పైసా ఇవ్వని తండ్రి ఆదాయం బిడ్డ నోటి కూడుకు అడ్డొస్తుందన్నమాట! అందుకే తలాఖ్‌నామా లేదా ఖులానామా చేతికి రాగానే కార్డు వేరు చేయించుకోవాలి.

తండ్రే మాజూర్ అయితే?

ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపకూడదన్నది షరీఅత్ సూత్రం. సంపాదించే శక్తి పూర్తిగా పోయిన పేద తండ్రిపై నఫఖా బలవంతంగా రుద్దరు. అప్పుడది తాత మీదికి వెళుతుందని ఫుఖహా అన్నారు. చట్టం కూడా "తగిన స్థోమత" ఉన్నవాడినే అడుగుతుంది. కానీ పింఛను తీసుకునే ప్రతివాడూ స్థోమత లేనివాడు కాడు. కాలు లేకపోయినా దుకాణం నడిపేవాడున్నాడు, ఇంటి అద్దెలు వచ్చేవాడున్నాడు. కోర్టు వైకల్య ధ్రువపత్రం ఒక్కటే చూడదు, మొత్తం ఆదాయం చూస్తుంది. రిటైరయ్యాననే మాట కూడా చాలదు. పదవీ విరమణ కారణంగా సగానికి తగ్గించిన ఖర్చాను షమీమా ఫారూఖీ కేసులో సుప్రీంకోర్టు 2015లో తిరిగి 4,000 రూపాయలు చేసింది.

నిజంగా ఆదాయం పడిపోయిన తండ్రి ఇవ్వడం మానేసి ఇంట్లో కూర్చోకూడదు. ఖర్చా తగ్గించమని 146వ సెక్షన్ కింద కోర్టును కోరాలి. లేకపోతే నెలనెలా బాకీ పెరుగుతుంది, జైలు శిక్షా పడవచ్చు. అదే సెక్షన్ కింద బిడ్డ అవసరాలు పెరిగితే ఖర్చా పెంచమని తల్లి కూడా అడగవచ్చు. బాకీ వసూలుకు మాత్రం, అది పడిన ఏడాదిలోపే ఆమె దరఖాస్తు చేయాలి.

హజ్రత్ ఉమర్ (రజి) దిద్దుకున్న నియమం

హజ్రత్ ఉమర్ (రజి) మొదట పాలు మాన్పించిన పిల్లలకే బైతుల్ మాల్ నుంచి వేతనం నిర్ణయించారు. ఒకరాత్రి గస్తీలో ఒక పసిబిడ్డ ఎడతెగని ఏడుపు విని ఆరా తీస్తే, వేతనం కోసం తల్లి తొందరపడి పాలు మాన్పిస్తోందని తెలిసింది. ఆయన కన్నీరు పెట్టుకున్నారు. ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ వేతనం ఉంటుందని చాటింపు వేయించారు. సాయం కోసం పెట్టిన నియమం బిడ్డ నోటి దగ్గరిది లాగేయకూడదని ఆయన గ్రహించారు. బైతుల్ మాల్ అలా ఇస్తున్నా, నఫఖా తండ్రి బాధ్యతగానే నిలిచి ఉంది.

జమాత్ పెద్దలకు ఒక మాట

పంచాయితీలలో "ఇకపై బిడ్డ ఖర్చు అడగను" అని తల్లి చేత రాయించి ఖులా తెంపేస్తుంటారు. బిడ్డ హక్కు తల్లి సంతకంతో పోదు. ఆమెకు శక్తి లేనప్పుడు తండ్రే పోషించాలని ఫిఖ్హ్ అంటుంది. అలాగే రంజాన్‌లో జకాత్ సొమ్ము బిడ్డకిచ్చి ఖర్చా తీరిందనుకునే తండ్రులకు, సొంత సంతానానికిస్తే జకాతే చెల్లదని చెప్పాలి.

స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. కానీ వ్యవహారం అంతవరకూ పోకుండానే మస్జిదులో నలుగురు కూర్చుని తండ్రికి నచ్చజెప్పగలిగితే ఎంతో మేలు. పింఛను సర్కారు ఇచ్చే చేయూత. నఫఖా తండ్రి తీర్చవలసిన బాకీ. చేయూత దొరికిందని బాకీ ఎగ్గొట్టే తండ్రికి ఆఖిరత్‌లో కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుందని గుర్తు చేయడం మన అందరి విధి.