ప్రాంతరహిత డీవీడీ ప్లేయరు

ప్రాంతరహిత డీవీడీ ప్లేయరు అనగా ఏ దేశపు విపణి కోసం తయారైన డీవీడీనైనా ఆడించగల యంత్రం. వాడుకలో దీనిని రీజియన్ ఫ్రీ ప్లేయరు లేదా మల్టీ రీజియన్ ప్లేయరు అంటారు.

ప్రాంతాల విభజన

డీవీడీ ప్లేయర్లు 1996 నవంబరులో జపానులోను, 1997లో అమెరికాలోను అమ్మకానికి వచ్చాయి. అప్పట్లో ఒకే సినిమా వేర్వేరు దేశాలలో వేర్వేరు తేదీలలో విడుదలయ్యేది. ఒక దేశపు డిస్కు, ఆ సినిమా ఇంకా థియేటర్లకు రాని దేశానికి చేరకుండా ఉండేందుకు హాలీవుడ్ సంస్థలు ఈ విభజనను కోరాయి.

* ప్రాంతం 1 - అమెరికా, కెనడా
* ప్రాంతం 2 - ఐరోపాలో అధికభాగం, జపాను, మధ్యప్రాచ్యం
* ప్రాంతం 3 - ఆగ్నేయాసియా, దక్షిణ కొరియా, తైవాన్
* ప్రాంతం 4 - ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, లాటిన్ అమెరికా
* ప్రాంతం 5 - భారతదేశం, రష్యా, ఆఫ్రికాలో అధికభాగం
* ప్రాంతం 6 - చైనా
* ప్రాంతం 7 - ప్రత్యేక అవసరాలు
* ప్రాంతం 8 - విమానాలు, ఓడలు

ఉదాహరణకు, అమెరికాలో కొన్న హాలీవుడ్ సినిమా డిస్కును ఖమ్మం జిల్లా పెనుబల్లిలోని బంధువులకు పంపితే, అది వెల చెల్లించి కొన్న అసలు డిస్కే అయినా, ప్రాంతం 5 ప్లేయరు దానిని నిరాకరిస్తుంది. భారతీయ సినిమాల డీవీడీలలో అనేకం అన్ని ప్రాంతాలకూ అనుమతించినవి కనుక వాటితో ఈ చిక్కు రాదు.

పనిచేసే విధానం

డిస్కులోని సమాచార ఫైలులో 8 బిట్ల సంకేతం ఉంటుంది. ఒక్కొక్క బిట్టు ఒక్కొక్క ప్రాంతానికి చెందుతుంది. బిట్టు 1 అయితే ఆ ప్రాంతంలో నిషేధం, 0 అయితే అనుమతి. ప్లేయరు తన ప్రాంతపు బిట్టును చూసి ఆడించాలో లేదో నిర్ణయించుకుంటుంది. అన్ని బిట్లూ 0 అయిన డిస్కు ఎక్కడైనా ఆడుతుంది. అనగా అడ్డంకి బొమ్మలో గాని ధ్వనిలో గాని లేదు; ప్లేయరు చేసే ఈ పోలికలోనే ఉంది.

మార్చే పద్ధతులు

* రహస్య మెనూ: చాలా ప్లేయర్లలో ప్రాంతాన్ని మార్చే మెనూ దాగి ఉంటుంది. రిమోటుపై నిర్ణీత అంకెలు నొక్కితే అది తెరుచుకుంటుంది. ఆ అంకెలు మోడలును బట్టి మారుతాయి.
* ఫర్మ్‌వేరు: మార్చిన ఫర్మ్‌వేరును సీడీ ద్వారా ప్లేయరులోకి ఎక్కిస్తారు. మధ్యలో కరెంటు పోతే యంత్రం పనికిరాకుండా పోవచ్చు.
* అదనపు చిప్పు: సర్క్యూటు బోర్డుకు టంకం వేసి చిప్పును అతికిస్తారు. ఇది అనుభవజ్ఞులు మాత్రమే చేయదగిన పని.

కంప్యూటరు డ్రైవులలో 2000 నుండి ఈ తనిఖీ డ్రైవులోనే జరుగుతుంది. వాడుకరి ప్రాంతాన్ని 5 సార్లు మాత్రమే మార్చగలడు. ఆ పిమ్మట చివరి ఎంపికే స్థిరపడుతుంది.

పరిమితులు

2000లో కొన్ని సంస్థలు, ప్లేయరు ఏ ప్రాంతానికి అమర్చి ఉందో డిస్కే అడిగి తెలుసుకునే పద్ధతిని ప్రవేశపెట్టాయి. "అన్ని ప్రాంతాలు" అని ఉన్న ప్లేయరులో అటువంటి డిస్కు ఆడదు. ప్రాంతం 1ని విడిగా ఎంచుకుంటే ఆడుతుంది. ప్రసార ప్రమాణం మరొక విషయం. అమెరికా డిస్కులు ఎన్టీఎస్‌సీ (480 గీతలు), భారతదేశపు టీవీ ప్రమాణం పాల్ (576 గీతలు). టీవీ రెండింటినీ స్వీకరించలేకపోతే, ప్రాంతం మార్చినా బొమ్మ సరిగా రాదు.

చట్టపరమైన స్థితి

భారతదేశంలో 2012 సవరణతో కాపీరైటు చట్టంలో చేరిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణలను ఛేదించడాన్ని శిక్షార్హం చేసింది. అందులో ప్రాంత సంకేతాల ప్రస్తావన లేదు. న్యూజీలాండ్ 2008లో చేసిన సవరణలో, చట్టబద్ధమైన డిస్కులను అడ్డుకునే ప్రాంత నియంత్రణను ఇటువంటి రక్షణ నుండి మినహాయించింది.

తరువాతి కాలం

బ్లూ-రేలో ప్రాంతాలు ఎ, బి, సి అని మూడుకు తగ్గాయి. భారతదేశం సి లో ఉంది. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కులకు ప్రాంత సంకేతం లేదు.