కనలేదు.. కానీ పాలిచ్చా!

బర్కత్‌పుర చమన్ దగ్గర మెడికల్ షాపు కుర్రాడు నా ప్రిస్క్రిప్షన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "మేడమ్, ఇది వాంతుల గోలీ కదా, ఇన్ని స్ట్రిప్పులెందుకు?" అన్నాడు. "పాలు పడటానికి" అన్నా. "ఓ.. డెలివరీ అయ్యిందా? కంగ్రాట్స్ మేడమ్!" అన్నాడు. "కాలేదు" అన్నా. అంతే, కవర్ చేతిలో పెట్టాడు తప్ప మళ్లీ నా మొహం వంక చూస్తే ఒట్టు.

తప్పు అతనిది కాదులెండి. ఏడాది కిందట నాకెవరైనా ఈ మాట చెప్పినా నేనూ అలాగే చూసేదాన్ని. కడుపు పండకుండా పాలెలా వస్తాయి?

నాకిప్పుడు ముప్పై ఆరు. మూడుసార్లు ఐవీఎఫ్ ఫెయిలయ్యాక, ఇక నా ఒంటిని ఇంజెక్షన్లతో పొడిపించుకోను అని మా ఆయనతో గట్టిగా చెప్పేశా. దత్తత కోసం 'కారా' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాం. ఆ తర్వాత మూడేళ్లకు పైగా నా జీవితమంతా ఒక సీనియారిటీ నంబరే. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కుర్రాళ్లు రిజల్ట్స్ కోసం ఫోన్ రిఫ్రెష్ చేస్తుంటారు చూడండి, అచ్చం అలాగే. నారాయణగూడలో మెట్రో ఎక్కితే ఒకసారి, పరేడ్ గ్రౌండ్‌లో లైన్ మారేటప్పుడు ఇంకోసారి చూసుకునేదాన్ని. ఆ నంబర్ తగ్గుతూ, తగ్గుతూ, ఓ వారం ఆగిపోతూ..

అలాంటి ఒక రాత్రి రీల్స్ చూస్తుంటే ఎదురైంది ఈ విషయం. దత్తత తీసుకున్న ఒకావిడ బిడ్డకు పాలిస్తోంది. ఫేక్ అనుకున్నా. తెల్లారేదాకా చదివితే అర్థమైంది, ఫేక్ కాదు.

మొదట వెళ్లిన డాక్టర్ నవ్వేశారు. "డబ్బా పాలు పట్టండమ్మా, ఎందుకీ తిప్పలు" అన్నారు. ఫీజు మాత్రం తీసుకున్నారు. రెండో డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పాలు తయారుకావడానికి కావాల్సింది గర్భసంచి కాదట. రొమ్ము, మెదడు ఉంటే చాలట. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు పెరిగి పాలగ్రంథుల్ని సిద్ధం చేస్తాయి. కాన్పయి మాయ బయటికి రాగానే ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా అది అడ్డుకున్న ప్రొలాక్టిన్‌కు దారి దొరుకుతుంది. ఈ ప్రొలాక్టిన్ పుట్టేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో. బిడ్డ చప్పరించినకొద్దీ అది ఊరుతుంది. పాలను బయటికి నెట్టే పని ఆక్సిటోసిన్‌ది.

మరి గర్భం రాని ఒంటికి ఇదంతా ఎలా? నమ్మించాలి. కొన్ని నెలలు గర్భనిరోధక మాత్రలు ఆపకుండా వేసుకుంటే ఒళ్లు గర్భంలాంటి స్థితి అనుకుంటుంది. ఠక్కున ఆపేస్తే కాన్పయిందనుకుంటుంది. పంపు పెట్టి లాగుతుంటే బిడ్డ వచ్చిందనుకుంటుంది. ప్రొలాక్టిన్‌ను పెంచడానికి డోంపెరిడోన్. పిల్లలు వద్దనుకునే వాళ్ల మాత్ర, వాంతుల మాత్ర కలిసి పాలు తెప్పిస్తాయంటే నాకు మొదట నవ్వొచ్చింది. ఈ పద్ధతికి న్యూమన్-గోల్డ్‌ఫార్బ్ ప్రోటోకాల్ అని పేరు. జాక్ న్యూమన్ కెనడా పిల్లల డాక్టర్. లెనోర్ గోల్డ్‌ఫార్బ్ సరోగసీ ద్వారా బిడ్డను పొంది, తనే పాలివ్వాలని పట్టుబట్టిన తల్లి.

ఆగండి, షాపుకు పరిగెత్తకండి. డోంపెరిడోన్ గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉంది. పాల కోసం దీన్ని వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. కొన్ని దేశాల్లో డాక్టర్లు జాగ్రత్తగా రాస్తున్నారు. నాకు ముందు ఈసీజీ తీశారు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని గుచ్చిగుచ్చి అడిగారు. గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు కొందరికి ఉంటుంది కాబట్టి మైగ్రేన్, బీపీ గురించి కూడా అడిగారు. మందులు లేకుండా ఉత్త పంపుతో, బిడ్డ చప్పరింపుతోనే పాలు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. పపువా న్యూగినీలో కాన్పు కాని 37 మంది తల్లుల మీద చేసిన అధ్యయనం 1994లోనే అచ్చయింది. ఆగిపోయిన పాలను మళ్లీ రప్పించడం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ఏకంగా ఒక పుస్తకమే వేసింది.

ఇక ఇంట్లో.. అత్తయ్యకు ఎలా చెప్పాలో తెలీక రెండు వారాలు దాచా. పంపు పార్సిల్ ఆవిడే తీసుకుంది. "ఇదేంటే, బుడగలూ గొట్టాలూ?" అంది. చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "యశోదమ్మకి రాలేదూ.." అంది.

నిజానికి యశోదది మన కేసు కాదు. ఆ రాత్రి ఆవిడా ఆడపిల్లను కంది, భాగవతంలోనే ఉంది. పచ్చి బాలింత. ఈ మాట అనబోయి నాలుక కరుచుకున్నా. అత్తయ్యను మన పార్టీలోకి తెచ్చింది యశోదే, ఆవిణ్ని నేనెందుకు కాదనాలి?

మరుసటి రోజు నుంచి వంటింట్లో బాలింత మెనూ మొదలైంది. అత్తయ్యది కాకినాడ. తెలగపిండి కూర, వెల్లుల్లి కారం, మెంతులు. చిక్కడపల్లి అంతా తిరిగి పాలసొర దొరకలేదని మా ఆయన్ని తిట్టింది కూడా. ఇవన్నీ తింటే పాలు పెరుగుతాయనడానికి గట్టి రుజువులేం లేవని డాక్టరమ్మ చెప్పింది. నేనా సంగతి ఇంట్లో చెప్పలేదు. బాలింతను కాని నాకు అంత ప్రేమగా బాలింత భోజనం పెడుతుంటే ఎవరు కాదంటారు?

మాత్రలు ఆపి పంపు మొదలుపెట్టా. రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా. రాత్రిపూట ప్రొలాక్టిన్ ఎక్కువట, అందుకే ఆ టైమ్ వదలొద్దట. ఆఫీసులో చిన్న మీటింగ్ రూమ్ బుక్ చేసుకుని తలుపుకి కాగితం అంటించేదాన్ని. పద్దెనిమిది రోజులు ఒట్టి గాలి. నొప్పి, ఎరుపు, పైగా సిగ్గు. ఎవరి కోసం ఇదంతా? బిడ్డ ఎవరో కూడా తెలీదు. ఐవీఎఫ్‌లో ఓడిపోయిన ఒంటి మీద పగ తీర్చుకుంటున్నానా? ఈ ప్రశ్న మా ఆయన ఒకసారి నోరుజారి అడిగాడు. రెండ్రోజులు మాట్లాడలేదు. కానీ ప్రశ్న మాత్రం తప్పు కాదు.

పంతొమ్మిదో రోజు పంపు గరాటు అంచున ఒక చుక్క. చెమటేమో అనుకున్నా. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నా. తియ్యగా ఉంది.

అదే వారంలో పోర్టల్ నుంచి మెసేజ్. పాప. నాలుగు నెలల పది రోజులు. ఫొటో, మెడికల్ రిపోర్టు చూసి 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. మాకు 48 సెకన్లు పట్టింది.

లీవ్ దగ్గర ఇంకో కథ. 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం దత్తత తల్లికి 12 వారాల సెలవిచ్చింది. అయితే బిడ్డ వయసు మూడు నెలల లోపు ఉండాలని మెలిక పెట్టింది. అనాథగా దొరికిన రెండేళ్లలోపు బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటించడానికే చట్టం రెండు నెలల గడువిస్తుంది. కన్నవాళ్లే అప్పగించినా, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలలుంటాయి. ఆపైన రిఫరల్, ప్రయాణం. ఇక మూడు నెలల్లోపు బిడ్డ ఎవరి చేతికొస్తుంది? ఈ మెలికను సవాలు చేస్తూ 2021లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. మా హెచ్ఆర్ మాత్రం "రూల్ ఈజ్ రూల్" అంది. ఉన్న లీవులన్నీ వాడేశా, మిగతాది జీతం కట్.

పాప ఇంటికొచ్చింది. నాలుగు నెలలు సీసాకు అలవాటుపడ్డ పిల్ల. నా దగ్గర పడుకోబెడితే వెన్ను విల్లులా వంచి ఏడ్చింది. మొదటి రోజు, రెండో రోజు, అయిదో రోజు. ఇది తనకు హింసేమో అని నాకు ఏడుపొచ్చింది. లాక్టేషన్ కన్సల్టెంట్ ఇంటికొచ్చి ఒకే మాట చెప్పింది: "ఆకలిగా ఉన్నప్పుడు ప్రయత్నించకు. నిద్రమత్తులో ఉన్నప్పుడు పడుకోబెట్టు. బలవంతం వద్దు." ఇంకో ఉపాయం కూడా చూపించింది. సన్నటి 5 నంబర్ ఫీడింగ్ ట్యూబ్ ఒక కొస ఫార్ములా పాల గిన్నెలో, రెండో కొస చనుమొన పక్కన టేపుతో. పాప చప్పరిస్తే గొట్టంలోంచి పాలు వస్తాయి. కడుపు నిండుతుంది, నా ఒంటికి సంకేతమూ అందుతుంది. గొట్టాన్ని వాడిన వెంటనే సిరంజితో వేడినీళ్లు కొట్టి కడగాలి, తరచూ మార్చాలి.

తొమ్మిదో రోజు రాత్రి రెండింటికి, కరెంటు పోయి ఇల్లంతా చీకటిగా ఉన్నప్పుడు, పాప పట్టుకుంది. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నా.

నిజం చెప్పాలి కదా, నా పాలతో పాప కడుపు ఎప్పుడూ నిండలేదు. బాగా వచ్చిన రోజుల్లో కూడా పంపుతో కొలిస్తే 150 మిల్లీలీటర్లు. తనకు కావాల్సింది అంతకు నాలుగైదు రెట్లు. మిగతాదంతా డబ్బా పాలే. చాలామంది దత్తత తల్లులకు పూర్తిగా సరిపడా రావు. ఇన్‌స్టాలో ఫ్రిజ్ నిండా పాల ప్యాకెట్లు చూపించే వీడియోలు చూసి మోసపోకండి. బరువు పెరుగుతోందా, రోజుకు ఆరు సార్లైనా మూత్రం పోస్తోందా అన్నదే లెక్క. మన నీలోఫర్‌లో 2017లో మొదలైన 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు గుర్తొచ్చింది కానీ, అలాంటి బ్యాంకుల్లో పాలు ముందు నెలలు నిండని పిల్లలకు. అవి వాళ్లకే ఉండాలి.

కింది పోర్షన్‌లో ఉండే ఆపాకి ఇవేవీ వింతగా అనిపించలేదు. "మా వాళ్లలో ఎప్పట్నుంచో ఉంది" అంది. పెంచుకునే బిడ్డకు రెండేళ్లలోపు ఇంటి ఆడవాళ్లెవరైనా పాలిస్తే, ఆ బిడ్డ షరియత్ ప్రకారం వాళ్లకు దగ్గరి రక్తబంధువుతో సమానం అవుతుంది. పెళ్లి కుదరని వరస. పెద్దయ్యాక ఆ ఇంట్లో పర్దా అడ్డు ఉండదు. దూద్ కా రిష్తా. వాళ్ల చిన్నాయన కూతుర్ని అలాగే ఇంటిదాన్ని చేసుకున్నారట. నేను రాత్రుళ్లు గూగుల్లో వెతికిందంతా మెట్లు దిగితే దొరికేది!

అందరూ ఆపాలు కారు. "ఇంత చేసింది దత్తత అని తెలీకుండా ఉండటానికేగా" అన్నారొక పెద్దమ్మ ఫంక్షన్లో. కాదు. పాపకు దాని కథ దానికి అర్థమయ్యే మాటల్లో ఇప్పట్నుంచే చెబుతున్నాం. పాలు ఆ కథలో ఒక పేజీ.

ఆరు నెలల ఫాలోఅప్‌కు సోషల్ వర్కర్ వచ్చింది. వంటింట్లో వాటర్ ఫిల్టర్ పక్కన ఆరబెట్టిన గొట్టం చూసి "ఇదేంటండీ?" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య మొదలుపెట్టింది. ప్రొలాక్టిన్ దగ్గర పేరు తప్పు చెప్పింది, మిగతాదంతా కరెక్టే. ఆ అమ్మాయి ఫారం అటూ ఇటూ తిప్పి, ఎక్కడ రాయాలో తెలీక, చివరికి 'ఇతర వివరాలు' దగ్గర రాసుకుంది. పాప అప్పటికే నా చున్నీ పట్టుకుని లాగుతోంది.