లెన్సుకో గొడుగు!

కీసరగుట్ట మీద ఎంతో సరదాగా తీసుకున్న ఫొటోలు ఇంటికొచ్చి చూస్తే పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తాయి. తప్పు కెమెరాది కాదు, పక్కనుంచి కొట్టే ఎండది. దానికి మందు వేలెడంత ప్లాస్టిక్ ముక్క. కాకపోతే దాన్ని తగిలించడం తెలియాలి.

ఎర్రటి ఎండలో దూరంగా ఎవరో వస్తుంటారు. అరుగు మీద కూర్చున్న తాతయ్య ఏం చేస్తాడు? నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తాడు. వచ్చేది చిన్నల్లుడో, పాలవాడో అప్పుడు తేటగా తెలుస్తుంది. ఆయన చూపేమీ పెరగలేదు. కంట్లో అనవసరంగా పడే వెలుగు తగ్గింది, అంతే. కెమెరాకు చేతుల్లేవు కాబట్టి ఆ అరచేతిని ప్లాస్టిక్‌తోనో, రేకుతోనో, రబ్బరుతోనో చేసి లెన్సు ముందు బిగిస్తారు. అదే లెన్స్ హుడ్.

పెద్ద కెమెరాలు మెడలో వేసుకు తిరిగేవాళ్లకు ఇది కొత్త కాదు. చిక్కంతా జేబులో పట్టే చిన్న కెమెరాలతోనే. ఫోన్లు వచ్చాక ఈ కెమెరాలన్నీ బీరువాల్లో అటక ఎక్కాయి. ఈమధ్య కాలేజీ పిల్లలు మళ్లీ వాటిని దుమ్ము దులిపి బయటికి తీస్తున్నారు. 2024లో వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీఐ లాంటి ఖరీదైన చిన్న కెమెరాల కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. కెమెరా అయితే బయటికొచ్చింది కానీ, దానికి హుడ్ ఎలా పెట్టాలో చెప్పే కాగితం మాత్రం ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయింది.

గుట్ట మీద ఎండ సంగతి

హైదరాబాద్ ఈశాన్యపు అంచున, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో ఉంది కీసర. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా, 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఊరి పక్కన గుట్ట మీద రామలింగేశ్వరస్వామి. మహాశివరాత్రికి జాతర, కార్తీకమాసంలో భక్తుల రద్దీ. రాముడు ప్రతిష్ఠించడానికి శివలింగం తెమ్మని హనుమంతుణ్ని కాశీకి పంపితే, ఆయన వచ్చేసరికి ముహూర్తం మించిపోతోందని శివుడే ప్రత్యక్షమై లింగాన్నిచ్చాడట. తీరా 101 లింగాలతో వచ్చిన ఆంజనేయుడు అలిగి వాటిని గుట్టంతా విసిరేశాడట. ఆయన అలక తీర్చడానికి రాముడు ఈ కొండను ఆయన తండ్రి కేసరి పేరుతో కేసరిగిరి అన్నాడనీ, అదే కీసర అయిందనీ స్థలపురాణం. అలక సంగతి దేవుడెరుగు, లింగాలు మాత్రం ఇప్పటికీ గుట్ట మీద ఎక్కడపడితే అక్కడ ఆరుబయట కనిపిస్తాయి.

ఆ ఆరుబయటే ఫొటోకు పరీక్ష. పైన నీడ లేదు. కింద ఎండకు మెరిసే బండ. చుట్టూ తెల్లటి ఆకాశం. శివరాత్రి ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి సరిగ్గా లెన్సు మీద పడుతుంది. ఇక గుట్ట మీది పెద్ద హనుమంతుడి విగ్రహాన్ని పాదాల నుంచి కిరీటం దాకా పట్టాలని కెమెరా ఎత్తితే ఫ్రేములో సగం ఆకాశమే. విగ్రహం ముందు నిలబడ్డ అమ్మమ్మ ముఖం బూడిదరంగులోకి దిగిపోతుంది. చీర అంచు జరీకీ, వెనక గోడకీ తేడా తెలియదు. ఎన్నో ఇళ్లలో అమ్మమ్మతో గుట్టకు వెళ్లిన ఫొటో అదొక్కటే ఉంటుంది. మళ్లీ తీద్దామంటే ఆమె ఉండకపోవచ్చు.

ఇలా ఎందుకవుతుంది? మామూలు గాజు తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. అది ఒక్క ముఖానికే. చిన్న కెమెరాలో కూడా ఆరో ఎనిమిదో గాజుముక్కలు వరసగా ఉంటాయి. ఒక్కోదానికి ముందొకటి, వెనకొకటి ముఖాలు. పక్కనుంచి దూరిన ఎండ వీటి మధ్య బంతిలా ఎగిరి ఎగిరి చివరికి సెన్సర్ మీద పలచగా పరుచుకుంటుంది. నల్లగా ఉండాల్సినచోట కూడా కాస్త వెలుగు చేరుతుంది. ఇది పట్టుకోవడానికే జర్మనీలో జైస్ కంపెనీకి చెందిన అలెగ్జాండర్ స్మాకులా 1935లో గాజుకు పలచటి పూత వేసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటి లెన్సులన్నిటికీ అలాంటి పూతలు ఉంటాయి. మంచి పూత ఉన్న గాజు ముఖం ఒక్క శాతం కూడా వెనక్కి కొట్టదు. అయినా సరే... లెన్సు మీద పిల్లాడి వేలిముద్ర ఒకటుంటే, జాతర దుమ్ము నాలుగు రేణువులుంటే పూత గొప్పతనం అక్కడితో సరి. ప్రతి రేణువూ ఎండకు ఓ చిన్న దీపమవుతుంది. హుడ్ పెట్టేముందు లెన్సును మెత్తటి గుడ్డతో తుడవమనడం అందుకే. చొక్కా అంచుతో మాత్రం కాదు.

హుడ్ అవసరమా కాదా అని తెలుసుకోవడం చాలా తేలిక. కెమెరాను ఫొటో తీసే దిక్కుకే ఉంచి, పక్కనుంచి లెన్సు ముందుభాగం చూడండి. గాజు మీద ఎండ పడుతోందా? హుడ్ కావాలి. గాజు నీడలో ఉందా? పెద్దగా అక్కర్లేదు. సూర్యుడే ఫ్రేములో ఉంటే ఏ హుడ్డూ ఏమీ చేయలేదు.

బిగించేది దేనికి?

అసలు కిటుకంతా ఇక్కడుంది. పెద్ద కెమెరాలో చాలావరకు హుడ్‌ను లెన్సుకే బిగిస్తారు. జేబు కెమెరాలో లెన్సు స్విచ్ వెయ్యగానే తాబేలు తలలా బయటికొస్తుంది, ఆపగానే లోపలికి పోతుంది. ఆ కదిలే గొట్టాన్ని నడిపేది వేలిగోరంత మోటారు. దాని ముక్కున బరువైన హుడ్ అంటిస్తే మోటారు రొప్పుతుంది. కొన్నాళ్లకు తెర మీద లెన్స్ ఎర్రర్ అని పడి కెమెరా మొరాయిస్తుంది. హుడ్ కెమెరాలో ఆడని భాగానికి తగలాలి తప్ప ఆడే భాగానికి కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పని అయినట్టే.

అందుకే కంపెనీలు మధ్యలో అడాప్టర్ అనే గొట్టమో, రింగో పెట్టాయి. 2008 నుంచి 2010 మధ్య వచ్చిన కానన్ పవర్‌షాట్ జీ10, జీ11, జీ12 కెమెరాలున్నవాళ్లు ఒకసారి లెన్సు చుట్టూ ఉన్న రింగును చూడండి. అలంకారమనుకుని చాలామంది దాని జోలికే పోలేదు. లెన్సు పక్కనున్న చిన్న బటన్ నొక్కిపట్టి ఆ రింగును తిప్పితే ఊడొస్తుంది. దాని స్థానంలో అడాప్టర్ గొట్టాన్ని పెట్టి, తిప్పి బిగించాలి. లెన్సు ఆ గొట్టం లోపలే ముందుకూ వెనక్కూ ఆడుతుంది. హుడ్ గొట్టం చివర మరకు తగులుతుంది. ఫ్యూజీ ఎక్స్100 వరసలో లెన్సు ముందున్న సన్నటి రింగును మరతిప్పి తీసి, అక్కడ అడాప్టర్ రింగు బిగించి, దాని మీద హుడ్‌ను పెట్టి మెలితిప్పాలి. తీసిన రింగును వెంటనే డబ్బాలో వేసుకోవాలి. గుట్ట మెట్ల మీద జారిపడితే మళ్లీ దొరకదు!

2012 నుంచి వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 లాంటివాటికి మరలే ఉండవు. జిగురుతో అంటించే రింగులు దొరుకుతాయి. పలచటి ఫిల్టర్ వరకు ఫర్వాలేదు కానీ హుడ్ వేలాడదీయడం తెలివైన పని కాదు. వాటికి తాతయ్య పద్ధతే మేలు. ఎడమ అరచేతిని లెన్సుకు కొంచెం పైన, పక్కగా అడ్డం పెట్టి, గాజు మీద నీడ పడేలా చూసుకుని తీయాలి. వేళ్లు ఫ్రేములోకి రాకుండా చూసుకుంటే చాలు. సెల్‌ఫోన్‌కీ ఇదే మందు.

రేకులు ఎటు?

మర బిగించేటప్పుడు తొందరపడితే గాట్లు పోతాయి. అనుభవమున్న చెయ్యి ముందు హుడ్‌ను మర మీద ఆనించి వెనక్కి, అంటే విప్పే వైపు, నెమ్మదిగా తిప్పుతుంది. ఒకచోట 'టిక్'మని చిన్నగా కూర్చుంటుంది. అక్కణ్నుంచి బిగించే వైపు తిప్పితే వెన్నలా వెళ్తుంది. మధ్యలో పట్టేసిందంటే మర వంకరగా ఎక్కిందన్నమాట. బలం ఉపయోగించకుండా విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. పచ్చడి సీసా మూత పెట్టే ఇల్లాలికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

గుండ్రటి హుడ్‌తో పేచీ లేదు, ఎటు తిప్పినా ఒకటే. తామరరేకుల్లా కోసి ఉండే హుడ్‌తోనే తంటా. అందం కోసం అలా కోశారనుకుంటారు చాలామంది. ఫొటో అడ్డం ఎక్కువ, నిలువు తక్కువ కాబట్టి లెన్సు పక్కలకు ఎక్కువ దూరం, పైకీ కిందికీ తక్కువ దూరం చూస్తుంది. నాలుగు మూలలకైతే అన్నిటికన్నా ఎక్కువ. అందుకని పొడుగు రేకులు పైనా కిందా, పొట్టి రేకులు కుడిఎడమలా, కోతలు మూలల వైపు ఉండాలి. ఇది పావుచుట్టు తప్పితే పొడుగు రేకులు పక్కల నుంచి ఫొటోలోకి తొంగిచూస్తాయి. కొంచెం తప్పితే ఒక మూలే నల్లబడుతుంది. మెలితిప్పే రకానికి గాడి ఉంటుంది కాబట్టి టిక్కుమనే దాకా తిప్పితే సరైనచోటే ఆగుతుంది. బజార్లో చవగ్గా దొరికే మర రకం అలా కాదు. బిగువు ఎక్కడ అందితే అక్కడ ఆగుతుంది, రేకులు ఎటో చూస్తుంటాయి. తిన్నగా రావాలని వదులుగా వదిలేస్తే జారిపోతుంది, బలవంతంగా బిగిస్తే మర పోతుంది. వెనక విడిగా తిరిగే చిన్న రింగున్న హుడ్ అయితే ముందు రేకులు సరిచేసుకుని తర్వాత ఆ రింగు బిగించుకోవచ్చు. అది దొరక్కపోతే గుండ్రటిదే కొనుక్కోవడం మంచిది. కోఠిలో కెమెరా సామాను అమ్మే దుకాణానికి వెళ్లేటప్పుడు కెమెరా కూడా పట్టుకెళ్లి, అక్కడే తగిలించి చూసుకుంటే తర్వాత తిరిగే పని తప్పుతుంది. అడాప్టర్ మీద 49, 58 అంటూ రాసి ఉండే అంకె మర వ్యాసం మిల్లీమీటర్లలో. హుడ్ మీద అంకె దానితో కలవాలి.

ఇంకో చిత్రం జాతరల్లో తరచూ కనిపిస్తుంది. సంచిలో చోటు కలిసొస్తుందని హుడ్‌ను తిరగేసి తగిలిస్తారు. తర్వాత దాన్ని అలాగే వదిలేసి ఫొటోలు తీసేస్తుంటారు. గొడుగు తెరవకుండా చంకలో పెట్టుకుని వానలో నడిచినట్టే.

తగిలించాక గుట్టకు బయల్దేరేముందు ఇంట్లోనే పరీక్ష చెయ్యాలి. సున్నం వేసిన తెల్లగోడ ముందు నిలబడి, జూమ్ పూర్తిగా వెనక్కి లాగి, ఎక్కువ వెడల్పు కనిపించేలా ఒక ఫొటో తీయండి. హుడ్ తీసేసి అక్కణ్నుంచే ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి మూలలు చూడండి. హుడ్ ఉన్నదాంట్లో మూలలు మసిపట్టినట్టుంటే రేకులైనా తప్పాయి, హుడ్ అయినా పొడుగైంది. కొన్నిసార్లు నేరం హుడ్‌ది కాకపోవచ్చు. అడాప్టర్‌కీ హుడ్‌కీ మధ్య మందపాటి ఫిల్టర్ ఉంటే హుడ్ ఆ మేరకు ముందుకు జరుగుతుంది. ఫిల్టర్ తీసి చూస్తే గుట్టు తెలుస్తుంది. దూరానివి దగ్గరగా లాగి తీసేటప్పుడు మూలల బాధ ఉండదు కానీ, వెడల్పు కోసం చేసిన పొట్టి హుడ్ అప్పుడు కాసే నీడ కూడా తక్కువే. అవసరమైతే పైన టోపీ కూడా అడ్డం పెట్టుకోవచ్చు.

రాయి మీద మాట

ఈ శ్రమంతా కుటుంబ ఫొటోలకేనా అంటే కాదు. కీసరగుట్ట మీద విష్ణుకుండినుల కాలంనాటి కోటగోడలు, ఇటుక కట్టడాలు పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇక్కడే ఒక బండ మీద చెక్కిన 'తొలుచువాండ్రు' అన్న మాట ఉంది. రాళ్లు తొలిచే పనివాళ్లు అని అర్థం. మొత్తం తెలుగులోనే ఉన్న తొలి శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం సా.శ. 575 నాటిది. కీసరగుట్ట మాట అంతకన్నా ముందుదని పరిశోధకులు చెబుతారు. రాజుల బిరుదులు కాదు, దానాల లెక్క కాదు, ఉలిపట్టిన కూలీల పేరు!

ఎండావానలకు అరిగిన ఇలాంటి అక్షరాలను ఫొటో తీయడం కష్టం. ఎండ ఎదురుగా పడితే గాట్లు కనిపించవు. పొద్దున్నో, సాయంత్రమో వెలుగు పక్కనుంచి ఏటవాలుగా రాయిని రాసుకుంటూ పోతేనే ప్రతి గాటులోనూ సన్నటి నీడ నిలుస్తుంది. అక్షరమంటే ఆ నీడే. ఆ పక్కవెలుగే లెన్సు మీదా పడితే ఫొటో పాలిపోయి, ఉన్న కాస్త నీడా కొట్టుకుపోతుంది. హుడ్ సరిగ్గా ఉంటే అదే ఫొటోలో అక్షరం లేచి నిలబడుతుంది. కొందరు పాత శాసనాలు బాగా కనిపించాలని సుద్దముక్కతో గాట్లలో రుద్దుతుంటారు. పదిహేను వందల ఏళ్లు నిలిచిన రాయికి అంతకన్నా అపకారం లేదు. వెలుగు కోసం ఓ గంట ఆగలేనివాళ్లు ఫొటో మానుకోవడమే నయం.

చీకటి పడ్డాక సంగతి వేరు. శివరాత్రి జాగరణ నాడు ఫ్లాష్‌తో తీయాలనుకుంటే మాత్రం ముందు హుడ్ విప్పాలి. చిన్న కెమెరాలో ఫ్లాష్ లెన్సును ఆనుకునే ఉంటుంది కాబట్టి హుడ్ నీడ ఫొటో కింది భాగంలో నల్లటి అర్ధచంద్రంలా పడుతుంది. చీకట్లో ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపానికీ అదే అడ్డం. కళ్లు పెట్టి చూసే వ్యూఫైండర్ ఉన్న కెమెరాల్లో హుడ్ కొంత భాగాన్ని కప్పేస్తుంది. అప్పుడు వెనక తెర చూసి తీసుకోవాలి. విప్పేటప్పుడు హుడ్ మరీ బిగుసుకుపోతే గట్టిగా నొక్కిపట్టి తిప్పకూడదు. నొక్కితే రింగు కోడిగుడ్డులా సాగి ఇంకా పట్టేస్తుంది. ఓ రబ్బరు బ్యాండు చుట్టూ వేసి, వేళ్లు వదులుగా ఆనించి తిప్పితే సులువుగా వస్తుంది.