అమ్మ చేతికి స్మార్ట్ వాచీ: అపోహలు – వాస్తవాలు

చుట్టూ కొబ్బరి చెట్లు, మధ్యలో ఇల్లు, ఆ ఇంట్లో డెబ్బై దాటిన అమ్మానాన్నలు. పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. సంక్రాంతికి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు అమ్మ చేతికి స్మార్ట్ వాచీ పెట్టి, నాన్న మంచం పక్కన బీపీ మెషీన్ ఉంచి వెళ్తున్నారు. ఆ ప్రేమ అక్కరకు రావాలంటే ఆ పరికరాలు ఏం చేయగలవో, ఏం చేయలేవో తెలిసి ఉండాలి.

అపోహ: పడిపోతే వాచీయే చూసుకుంటుంది.

వాస్తవం: 2018లో వచ్చిన ఆపిల్ వాచ్ సిరీస్ 4తో ఈ సదుపాయం బాగా ప్రచారంలోకి వచ్చింది. మనిషి గట్టిగా పడినట్టు పసిగడితే అది మణికట్టు మీద తట్టి హెచ్చరిస్తుంది. నిమిషం దాకా కదలిక లేకపోతే అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, ముందే రాసిపెట్టిన వాళ్లకు కబురు పంపుతుంది. అయితే గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడితే దానికి తెలియకపోవచ్చు. పైగా స్నానానికి వెళ్తూ వాచీ తీసి గూట్లో పెట్టేవాళ్లే ఎక్కువ. కాలు జారేది సరిగ్గా అక్కడే. అందుకే బాత్రూమ్‌లో జారని చాప, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రి వెలిగే చిన్న దీపం వాచీ కంటే ముందు కొనాలి.

అపోహ: సూది గుచ్చకుండా షుగర్ చెప్పే వాచీలు, ఉంగరాలు వచ్చేశాయి.

వాస్తవం: అలాంటి వాచీకి గానీ, ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పు అంకె నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. జబ్బకు అంటించుకునే సెన్సర్ సంగతి వేరు. దాని సన్నని తీగ చర్మం కిందికి దిగి అక్కడి ద్రవంలో గ్లూకోజును కొలుస్తుంది.

అపోహ: ఈసీజీ వాచీ గుండెపోటును పట్టేస్తుంది.

వాస్తవం: పట్టలేదు. గుండె లయ తప్పడాన్ని కొంతవరకు చూపగలదు, అంతే. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే వాచీ ఏం చూపించినా 108కి ఫోన్ చేయాలి.

అపోహ: బీపీ అంకెలు రోజూ కొడుకు ఫోన్‌కు వెళ్తుంటే బీపీ అదుపులో ఉన్నట్టే.

వాస్తవం: దీనికి జవాబు వశిష్ఠ గోదావరి అవతలి గట్టునే దొరికింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు, బీపీ మెషీన్లు ఇచ్చారు. ఇల్లిల్లూ తిరిగి గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో గుర్తించి డాక్టరు దగ్గరికి పంపడం వాళ్ల పని. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంకె తెలిశాక డాక్టరు చూడాలి, మందు రాయాలి, ఆ మందు దొరకాలి, రోజూ వేసుకోవాలి. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా అంకె ఫోన్‌లోనే ఉండిపోతుంది.

అంకె కూడా సరిగ్గా రావాలి. వీపు ఆనించి ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చుని, జబ్బకు పట్టీ చుట్టుకుని, చేయి గుండె ఎత్తులో ఉంచి చూసుకోవాలి. కాఫీ తాగిన వెంటనే చూసుకోకూడదు.

అపోహ: ఇంటిని కనిపెట్టుకోవాలంటే గదిగదికీ కెమెరా పెట్టాలి.

వాస్తవం: తలుపు తెరిచినా, మనిషి కదిలినా గుర్తించే చిన్న సెన్సర్లు ఉన్నాయి. రోజూ ఐదింటికి లేచే అమ్మ ఏడైనా వంటింట్లోకి రాలేదని చెప్పడానికి బొమ్మ అక్కర్లేదు. ఏది పెట్టినా ముందు అమ్మను అడగాలి. ఇల్లు ఆమెది.

అపోహ: వైఫై ఉంటే ఇక బెంగ లేదు.

వాస్తవం: 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు కోనసీమ లంకల్లో జనం పడవల మీద కదిలారు. అలాంటప్పుడు కరెంటు లేకపోతే రౌటరు ఆగుతుంది. సిమ్‌తో నడిచే పరికరం, ఇన్వర్టరు కొంత ఆదుకుంటాయి. అవీ ఆగిపోతే నడిచి రాగలిగేది పక్కింటివాళ్లే. అందుకే వాచీలో మొదటి నంబరు అమెరికాలో ఉన్న కొడుకుది కాకుండా పక్కింటి పిన్నిగారిది ఉండాలి. ఇంటి రెండో తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉంచాలి.