ఒంటిగంట ఆటకు తాళంచెవి

“రాత్రంతా సర్వర్లకు కాపలా కాసేవాళ్ల మీద ముఖచిత్ర కథనం కావాలి. గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి” అన్నారు ఎడిటర్‌ గారు. ఆ మాట వినగానే ఎవరికైనా మాదాపూర్‌, గచ్చిబౌలే తడతాయి. అద్దాల మేడలు, అర్ధరాత్రి క్యాబులు, గోడ నిండా తెరలు. ఆ ఉద్యోగాల సంగతీ ఇందులో ఉంది. కానీ ఎక్కువ చోటు బంజారాహిల్స్‌, జూబ్లీహిల్స్‌, ఫిల్మ్‌నగర్‌ గదులకే ఇస్తున్నాను. పెద్ద సినిమా విడుదలకు ముందురోజు రాత్రి అక్కడ తయారయ్యే ఓ చిన్న ఫైలు నన్ను పట్టేసుకుంది. గడువు తీరిపోయిన ఒకదాన్ని తెరిచి చూశాక మిగతావన్నీ పక్కన పెట్టేశాను.

దాన్ని కేడీఎం అంటారు. పూర్తి పేరు కీ డెలివరీ మెసేజ్‌. ఉండేది కొన్ని కిలోబైట్లే. ఈమెయిల్‌లో పంపేయవచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకుపోవచ్చు. అది చేరకపోతే మాత్రం ఎంత పెద్ద హీరో సినిమా అయినా బొమ్మ పడదు.

సినిమా వచ్చేసింది, ఆట మాత్రం లేదు

థియేటర్‌కు సినిమా ముందే చేరుతుంది. హార్డ్‌డిస్క్‌లో వస్తుంది, లేదంటే ఉపగ్రహం ద్వారానో బ్రాడ్‌బ్యాండ్‌ మీదో దిగుతుంది. మూడు గంటల సినిమా అంటే సెకనుకు 24 చొప్పున 2,59,200 ఫ్రేములు. డిజిటల్‌ సినిమా ప్రమాణాలు బొమ్మకు సెకనుకు 250 మెగాబిట్ల దాకా అనుమతిస్తాయి. ఆ లెక్కన బొమ్మ ఒక్కటే దాదాపు 337 గిగాబైట్లకు చేరవచ్చు. శబ్దం, సబ్‌టైటిళ్లు కలిపి ఆ మొత్తం మూటను డీసీపీ అంటారు. దాన్ని సర్వర్‌లోకి ఎక్కించి, ఒక్క బైటు కూడా చెడలేదని సరిచూసుకోవడానికే గంటలు పడుతుంది. అంతా అయ్యాక కూడా ఆపరేటర్‌ ఆ సినిమాలో ఒక్క ఫ్రేము చూడలేడు. లోపలున్నదంతా ఎన్‌క్రిప్ట్‌ చేసి ఉంటుంది. దాన్ని విప్పేది కేడీఎం.

నేను చూసిన ఫైలులో పై భాగం మామూలు కంటికి చదవడానికి వీలుగానే ఉంది. అందులో సినిమా పేరు. దాంతోపాటు అది ఏ కూర్పుదో చెప్పే గుర్తింపు సంఖ్య. తెలుగు 2డీకి ఒకటి, 3డీకి మరొకటి, హిందీకి ఇంకొకటి. ఇంకా ఏ సర్వర్‌ కోసమో చెప్పే సర్టిఫికెట్‌ వివరాలు. ఇక్కడే ఉంది కిటుకంతా. కేడీఎంను ఊరికో థియేటర్‌కో ఇవ్వరు, ఫలానా తెర వెనక బిగించిన ఫలానా యంత్రానికి ఇస్తారు. పక్కింటి తాళంచెవితో మన తలుపు తెరుచుకోనట్టే, ఒకటో స్క్రీన్‌కు వచ్చిన కేడీఎం అదే మల్టీప్లెక్స్‌లో రెండో స్క్రీన్‌కు పనికిరాదు. అంటే వెయ్యి తెరల మీద పడే సినిమాకు కనీసం వెయ్యి కేడీఎంలు. కింద మిగిలిందంతా అర్థంకాని అక్షరాల బారు. అసలు తాళంచెవులు అందులో దాగి ఉంటాయి. ఆ సర్వర్‌ తప్ప ఇంకెవరూ వాటిని విప్పలేరు.

మధ్యలో రెండు వరుసలు ఉన్నాయి. ఎప్పటి నుంచి చెల్లుతుంది, ఎప్పటి దాకా చెల్లుతుంది. ఈ కథనం మొత్తానికి ఆ రెండు వరుసలే గుండెకాయ.

తేదీ, గంట, నిమిషం, సెకను రాశాక చివర ‘+05:30’ అని ఉంటుంది. గ్రీనిచ్‌ కంటే మన గడియారం అయిదున్నర గంటలు ముందుందని దాని అర్థం. రాత్రి ఒంటిగంట ఆటకు ఫైలు తయారుచేస్తూ ఎవరైనా పరధ్యానంలో ఆ చోట ‘+00:00’ రానిచ్చారనుకోండి. తాళం ఒంటిగంటకు తెరుచుకోదు, తెల్లారి ఆరున్నరకు తెరుచుకుంటుంది. హాలు నిండా జనం, బయట డప్పులు, టపాసులు. ఆపరేటర్‌ ప్లే నొక్కితే సర్వర్‌ ఒప్పుకోదు. దాని వైపు నుంచి చూస్తే అది తన పని సరిగ్గానే చేస్తోంది.

సర్వర్‌ గడియారాన్ని ముందుకు తిప్పేస్తే పోలేదా అని మీకు అనిపించవచ్చు. ఆ దారీ మూసేశారు. ఈ యంత్రాల లోపలి గడియారాన్ని ఏడాదికి ఆరు నిమిషాలకు మించి జరపడానికి ప్రమాణాలు ఒప్పుకోవు. ఆ పెట్టెను బలవంతంగా తెరిచినా లోపలి రహస్యం తనంతట తాను చెరిగిపోతుంది. ఇక ఆ యంత్రానికి పాత కేడీఎం ఏదీ పనిచేయదు.

ఫోను మోగే వేళ

విడుదల రాత్రి షిఫ్టులో కూర్చున్నవాళ్ల పని ఇప్పుడు ఊహించుకోండి. ముందున్న తెర మీద థియేటర్ల జాబితా. ఏ సర్వర్‌లో సినిమా ఎక్కింది, దేనికి కేడీఎం అందింది, ఏ డిస్కు దెబ్బతింది, దేనికి నెట్‌ పోయింది, అన్నీ రంగుల్లో కనిపిస్తుంటాయి. పచ్చగా ఉన్నదాన్ని ఎవరూ చూడరు. ఎర్రగా మారినదాని వెనక మాత్రం ఒక ఊరు ఉంటుంది.

ఒకచోట వారం కిందట సర్వర్‌ కార్డు కాలిపోతే కొత్తది బిగించారు, ఆ సంగతి జాబితాలోకి ఎక్కించలేదు. వచ్చిన కేడీఎం పాత కార్డుది. ఇంకోచోట ఫైలు సరైనదే, కానీ ఒకటో తెరది రెండోదానికి ఎక్కించారు. మరోచోట నిడివి ఎక్కువైందని చివరి క్షణంలో అయిదు నిమిషాలు కత్తిరించారు. కూర్పు మారితే గుర్తింపు సంఖ్య మారుతుంది, అది మారితే కేడీఎంలన్నీ మళ్లీ మొదటి నుంచి. ఒక్కో ఫోనుకూ ఒక్కో టికెట్‌ తెరవాలి. యంత్రం నంబరు ఫొటో తీసి పంపమనాలి, సరిచూడాలి, కొత్త ఫైలు చేయించాలి, పంపాలి, అవతల ఎక్కిందో లేదో ఫోనులోనే కనుక్కోవాలి. అవతలి మనిషి వెనక నుంచి ఈలలు వినిపిస్తుంటాయి. గొంతు పెంచకుండా, తడబడకుండా ఒక్కో అంకె చదివించి రాసుకోవడం చిన్న విద్య కాదు. అది చేసేవాళ్లంటే నాకు గౌరవం. ఈ కథనంలో నేను తటస్థంగా లేను.

సాంకేతిక కారణమేదీ లేకుండా ఆగే రాత్రులు మరీ కష్టం. ఫైనాన్షియర్‌ బాకీ తీరలేదు. వెనకటికి ఇలాంటప్పుడు ల్యాబ్‌లో ప్రింట్లు ఆపేవాళ్లు, ఇప్పుడు కేడీఎం ఆపుతారు. ఫైళ్లన్నీ సిద్ధం, పంపడమే తరువాయి, ‘క్లియరెన్స్‌’ అన్న మాట కోసం షిఫ్టు మొత్తం ఫోను వంక చూస్తూ కూర్చుంటుంది. ఆ గొడవతో వీళ్లకు సంబంధమే లేదు. తిట్లు మాత్రం వీళ్లకే వస్తాయి.

ఆట వేళల సంగతి సరేసరి. 2024 డిసెంబరు 5న వచ్చిన ‘పుష్ప 2’కు తెలంగాణలో 4వ తేదీ రాత్రి 9:30కే ప్రీమియర్లు వేసుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్‌ దగ్గర తొక్కిసలాట జరిగి ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. ఇకమీదట బెనిఫిట్‌ షోలు ఉండవని ప్రభుత్వం ప్రకటించింది. ఏడాది తిరగకుండానే, 2025 సెప్టెంబరు 24 రాత్రి ‘ఓజీ’ ప్రీమియర్లు పడ్డాయి. అనుమతి మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. జీవో ఎంత ఆలస్యంగా వస్తే ‘ఎప్పటి నుంచి’ అన్న ఆ వరుసను అంత హడావిడిగా తిరగరాయాలి. నిద్ర కాచే కళ్లు హడావిడిలో ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో పైన చెప్పాను.

దీని మీద అమెరికా ఒకటి. డిసెంబరులో న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2 గంటల ఆట అంటే మనకు రాత్రి 12:30. డాలస్‌కు మరో గంట తేడా, కాలిఫోర్నియాకు మూడు గంటలు. ఇక్కడి బెనిఫిట్‌ షో ఫోన్లు, అక్కడి ప్రీమియర్‌ ఫోన్లు ఒకే టేబుల్‌ మీద మోగుతాయి.

చరిత్ర, క్లుప్తంగా

అక్కినేని నాగేశ్వరరావు గారు 1976లో బంజారాహిల్స్‌ రాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్‌ తెరిచిన నాటికి సినిమా అంటే రీళ్ల డబ్బాలు. రైల్లో, బస్సులో బాక్సు వచ్చేది. ఒకే ప్రింటును రెండు హాళ్లలో ఆడిస్తూ రీళ్లను అటూ ఇటూ పరుగెత్తించిన రోజులవి. విజయవాడ గాంధీనగర్‌ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో ‘బాక్సు చేరిందా’ అన్నదే ప్రశ్న. 2002లో హాలీవుడ్‌ స్టూడియోలు ఒక కూటమి కట్టాయి, 2005 జులైలో డిజిటల్‌ ప్రమాణాలు వచ్చాయి. మన దగ్గర చెన్నైకి చెందిన క్యూబ్‌, ముంబైకి చెందిన యూఎఫ్‌ఓ థియేటర్లను మార్చేశాయి. ఆ సేవల ధర ఎక్కువైందని 2018 మార్చి 2 నుంచి దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాల విడుదల నిలిపేశారు కూడా. బాక్సు పోయింది, కేడీఎం వచ్చింది.

దొంగ ఎక్కడ దొరుకుతాడు

ఈ కాపలా ఆట పడేదాకా మాత్రమే కాదు. తెర మీద సినిమా నడుస్తుండగా సర్వర్‌ అందులో కంటికి కనపడని గుర్తు వేస్తుంటుంది. ప్రతి అయిదు నిమిషాల సినిమాలోనూ 35 బిట్ల సమాచారం: 16 బిట్లు సమయానికి, 19 బిట్లు ఏ యంత్రమో చెప్పడానికి. హాల్లో సెల్‌ఫోన్‌తో తీసి నెట్‌లో పెడితే, ఆ వీడియోను బట్టి ఏ తెర ముందు, ఏ పావుగంటలో తీశారో తేల్చవచ్చు. ఫిల్మ్‌నగర్‌లోని ఫిలిం ఛాంబర్‌ యాంటీ పైరసీ విభాగానికి ఇలాంటి ఆనవాళ్లే ఆధారం.

కానీ 2025 సెప్టెంబరులో హైదరాబాద్‌ సైబర్‌ క్రైమ్‌ పోలీసులు బయటపెట్టిన కేసు మరోలాంటిది. హాల్లో కెమెరా పెట్టడంతో ఆగకుండా డిజిటల్‌ మీడియా కంపెనీల సర్వర్లలోకే చొరబడి సినిమాలు కాజేశారని పోలీసులు చెప్పారు. అర్ధరాత్రి ఎవరు లాగిన్‌ అయ్యారు, ఎంత డేటా బయటికి పోతోంది అని కనిపెట్టి చూసే మనిషి విలువ నిర్మాతలకు ఆ కేసుతో తెలిసి రావాలి.

గ్రాఫిక్స్‌ స్టూడియోలలోనూ ఇదే రాత్రి ఉద్యోగం ఉంది. పగలు ఆర్టిస్టులు చేసిన షాట్లను రాత్రి వందల కంప్యూటర్లు ఫ్రేము ఫ్రేముగా తయారుచేస్తాయి. ఒక ఫ్రేముకు గంటలు పట్టవచ్చు. ఏసీ ఆగినా, సాఫ్ట్‌వేర్‌ లైసెన్సు సర్వర్‌ మొరాయించినా మొత్తం వరస ఆగిపోతుంది. చూసే మనిషి లేకపోతే ఆ సంగతి పొద్దున పదింటికి తెలుస్తుంది. విడుదలకు వారం ఉన్న సినిమాకు అలా పోయిన రాత్రిని తిరిగి తెచ్చేవారు ఉండరు.

బాక్స్‌: రోడ్‌ నంబర్‌ 12

బంజారాహిల్స్‌లో రాత్రంతా తెరల ముందు మేల్కొనే అతి పెద్ద చోటు సినిమావాళ్లది కాదు, పోలీసులది. రోడ్‌ నంబర్‌ 12లోని ఇంటిగ్రేటెడ్‌ కమాండ్‌ కంట్రోల్‌ సెంటర్‌ 2022 ఆగస్టు 4న మొదలైంది. నగరంలోని కెమెరాలను చూసేది అక్కడి నుంచే. ఆ కెమెరాల వెనకా నెట్‌వర్కే, సర్వర్లే.

బాక్స్‌: ఐటీ రాత్రులు మూడు

2012 జులై 1, ఉదయం 5:30. ప్రపంచ గడియారానికి ఒక సెకను అదనంగా కలిపారు. చాలా లైనక్స్‌ సర్వర్లు ఉక్కిరిబిక్కిరయ్యాయి. మన నైట్‌ షిఫ్టులు ఇంటికి బయల్దేరే వేళ అది.

2021 అక్టోబరు 4, రాత్రి 9 దాటాక. మామూలు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం ఫేస్‌బుక్‌ డేటా సెంటర్ల మధ్య సంబంధాలు తెంపేసింది. దాన్ని ఆపాల్సిన సాధనంలోనే లోపం ఉంది. వాట్సాప్‌, ఇన్‌స్టాగ్రామ్‌ సహా ఆ సంస్థ సేవలన్నీ దాదాపు ఆరు గంటలు మూగబోయాయి.

2024 జులై 19, ఉదయం 9:39. క్రౌడ్‌స్ట్రైక్‌ సంస్థ పంపిన ఒక లోపభూయిష్ఠ ఫైలు సుమారు 85 లక్షల విండోస్‌ యంత్రాలను పడగొట్టింది. హైదరాబాద్‌ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్‌ పాస్‌ ఫొటో దేశమంతా తిరిగింది.

బాక్స్‌: ఒంటి గడియారం

శరీరం లోపలి గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో వైద్యశాస్త్ర నోబెల్‌ వచ్చింది. రాత్రి షిఫ్టు పని క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్‌ పరిశోధన విభాగం 2007లో వర్గీకరించి, 2019లో మళ్లీ ఖాయపరిచింది. మార్చి, నవంబరుల్లో అమెరికా గడియారం గంట జరిగినప్పుడల్లా ఇక్కడి షిఫ్టూ గంట జరుగుతుంది.

రెండు విన్నపాలు

ప్రభుత్వాలకు: ప్రత్యేక ఆటలు ఇస్తారో ఇవ్వరో మీ ఇష్టం. ఏదైనా విడుదలకు కనీసం మూడు రోజుల ముందే చెప్పండి. జీవో మీద తేదీ మార్చడానికి ఒక సంతకం చాలు, దాని వెనక కేడీఎంలు మార్చడానికి మనుషులు రాత్రంతా కూర్చోవాలి.

నిర్మాతలకు: టైటిల్స్‌లో డ్రైవర్ల పేర్లు, ప్రొడక్షన్‌ బాయ్స్‌ పేర్లు వేస్తున్నారు, మంచి పని. కేడీఎంలు చేసి పంపినవాళ్ల పేర్లు, గ్రాఫిక్స్‌ యంత్రాలకు కాపలా ఉన్నవాళ్ల పేర్లు కూడా వేయండి. విడుదల మర్నాడు ఆ షిఫ్టుకు జీతంతో కూడిన సెలవు ఇవ్వండి.