ఏ సెట్టింగ్ ఏ అంతస్తులో ఉండాలి?

వైఫై రాకపోతే రూటర్‌ని తిట్టుకుంటాం, ఫోన్‌ని తిట్టుకుంటాం. మధ్యలో డ్రైవర్ అనేదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. కారు డ్రైవర్ కాదండోయ్! ఆపరేటింగ్ సిస్టమ్‌కీ వైఫై చిప్‌కీ మధ్య దుబాసీలా ఉండే ప్రోగ్రామ్. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ చుట్టూ ఎన్నో ఆఫీసులు వెలిశాయి. వాటిల్లో యాప్‌లు రాసేవాళ్లతో పాటు మాలాగా డ్రైవర్లు రాసేవాళ్లూ ఉన్నారు. మా మధ్య తరచూ తగవు తెచ్చే ప్రశ్న ఒకటుంది: ఫలానా సెట్టింగ్‌ని ఎక్కడ పెట్టాలి?

నాలుగంతస్తుల మేడ

లినక్స్‌లో వైఫైని ఓ మేడ అనుకోండి. పై అంతస్తులో మనం పాస్‌వర్డ్ కొట్టే ప్రోగ్రామ్ ఉంటుంది. దాని కింద, కెర్నెల్‌లో, సీఎఫ్‌జీ80211. సెట్టింగులు లోపలికొచ్చే సింహద్వారం అది. ఆ కింద మ్యాక్80211, చాలా చిప్‌లకు ఉమ్మడిగా ఉండే వైఫై పనులు చూసుకుంటుంది. అట్టడుగున చిప్‌కి తగ్గ డ్రైవర్. 2007లో వచ్చిన 2.6.22 కెర్నెల్‌తో ఈ ఏర్పాటు మొదలైంది. అంతకుముందు చాలా డ్రైవర్లు తమకంటూ సొంత కమాండ్లు పెట్టుకునేవి. కార్డు మారిస్తే స్క్రిప్టు తిరగరాసుకోవాల్సి వచ్చేది.

రెండు కార్డుల తిప్పలు

కొత్తగా చేరిన కుర్రాళ్లను ఊరించేది మాడ్యూల్ పారామీటర్. డ్రైవర్ లోడయ్యేటప్పుడు ఓ అంకె ఇచ్చేస్తే చాలు. పది లైన్ల పని, సాయంత్రానికి క్లయింట్‌కి పంపేయొచ్చు.

ఒక ఆఫీసులో దీని ఫలితం కళ్లారా చూశాను. ఒకే పెట్టెలో ఒకే రకం కార్డులు రెండు. ఒకదాని ప్రసార శక్తి తగ్గించాలని పారామీటర్ పెట్టారు. కానీ పారామీటర్ డ్రైవర్‌ది, కార్డుది కాదు. రెండూ తగ్గాయి. దూరపు గదుల్లో సిగ్నల్ పోయింది. రెండు రోజులు పాపం యాంటెన్నాలను అనుమానించారు!

ఎవరి లెక్క వాళ్లది

అందుకే నేను కొత్తవాళ్లను మొదట అడిగేది ఇదే: "ఈ విలువ ఎవరిది? మారితే ఎవరెవరికి తగులుతుంది?"

ఫ్యాక్టరీలో కొలిచిన రేడియో అంకెలు ఆ ఒక్క కార్డువి. అవి కార్డు మీది మెమరీలోనే ఉండాలి. పాస్‌వర్డ్ మనిషిది. కార్డు మార్చినా అది మనదే కాబట్టి పై అంతస్తులో దాచుకోవాలి. ఒకే రేడియో మీద రెండు నెట్‌వర్క్‌లు నడుస్తుంటే, నెట్‌వర్క్ పేరు ఆయా ఇంటర్‌ఫేస్‌ది, యాంటెన్నా ఎంపిక రేడియోది. కేబుల్ నెట్‌వర్క్‌లో బఫర్ల సైజు లాంటివి మార్చడానికి ఎథ్‌టూల్ అనే ఉమ్మడి తలుపు ఉంది. విండోస్‌లోనూ ఇదే పద్ధతి. జంబో ప్యాకెట్ లాంటి సెట్టింగులకు అన్ని కంపెనీల కార్డులూ ఒకటే పేరు వాడాలని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది.

ఇక దేశ చట్టం సంగతి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొంత భాగాన్ని రాడార్లు కూడా వాడతాయి. అక్కడ రాడార్ కనిపిస్తే వైఫై తప్పుకోవాలి. మన దేశంలో 2018లో ఈ బ్యాండ్‌లో మరిన్ని ఛానళ్లకు లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. ఆ హద్దులు ప్రతి డ్రైవర్‌లోనూ రాసి ఉంటే అన్నిటినీ దిద్దాల్సి వచ్చేది. లినక్స్‌లో దేశాల నిబంధనలకు ఉమ్మడి పట్టిక ఉంది, సీఎఫ్‌జీ80211 దాన్ని చదువుతుంది. తన చిప్ అంత శక్తి ఇవ్వలేకపోతే డ్రైవర్ ఆ హద్దును ఇంకా తగ్గించుకోవచ్చు. సొంతంగా పెంచుకోవడం మాత్రం దాని పని కాదు.

"ప్రస్తుతానికి పారామీటర్ పెట్టేయ్, తర్వాత తీసేద్దాం" అనే మేనేజర్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ "తర్వాత" అంత తేలిగ్గా రాదు. ఒకసారి బయటికెళ్లిన పారామీటర్‌ని ఎక్కడో ఎవరో తమ స్క్రిప్టులో రాసేసుకుంటారు. తీసేసిన రోజున వాళ్ల మెషిన్ ఆగిపోతుంది. అలాంటప్పుడు మొహమాటపడకుండా ఇంకొక్క రోజు గడువు అడగండి. ఆ విలువ అసలు ఎవరిదో తేల్చుకోవడానికి చాలాసార్లు ఒక్క రోజు సరిపోతుంది.